చీటీ లేని మూడు పేజీలు

"ఈ మూడు పేజీలకీ చీటీ లేదేంటి?"

ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. ఇస్త్రీపెట్టె కాలరు మీద ఆగిపోయింది. ఆగిన సంగతి కమిలిన వాసన ముక్కుకి తగిలాక గానీ నాకు తెలియలేదు.

"చొక్కా!" అన్నారాయన.

చటుక్కున ఎత్తాను. కాలరు అంచున గోధుమరంగు మచ్చ పడింది. మామూలు రోజైతే ఆ మచ్చ మీద పావుగంట ప్రసంగం నడిచేది. ఇవాళ ఆయన దాన్ని చూడనే లేదు. ఆ మూడు కాగితాలనీ పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు.

"ఏ పేజీలండీ?" అన్నాను, తెలిసే.

"అదే, సముద్రం చూడ్డానికి ఒంటరిగా వెళ్ళిందే, ఆవిడవి. అక్కకి ఉత్తరం రాసినట్టు రాసింది. అబ్బ, ఏం రాసిందోయ్! నీ ఫోల్డర్లోనే దొరికింది. ఇంత మంచి ముక్క దగ్గర పెట్టుకుని నాకు చూపించలేదేం?"

"మర్చిపోయుంటాను."

"నువ్వు మర్చిపోవడం కొత్తా? ఎడిటర్ గారికి నిన్ననే పంపేశాను. ఆవిడ ఎగిరి గంతేసింది. పుస్తకం మొట్టమొదటి పేజీలోనే వేద్దామంటోంది. సోమవారానికల్లా వివరాలు కావాలట. చీటీ వెతికిపెట్టు."

ఆయన ఇంకో చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయారు. బయటి గేటు పడిన చప్పుడు విన్నాక ఇస్త్రీపెట్టె తీగ లాగేసి, నేల మీద కూర్చున్నాను.

ఆ మూడు పేజీలూ రాసింది నేనే.

ఆయన కాలేజీలో ఇంగ్లీషు శాఖకి పెద్ద. నాలుగేళ్ళుగా ఇంగ్లీషు యాత్రా సాహిత్య చరిత్ర రాస్తున్నారు. ఒకసారి అతిథుల ముందు నోరుజారి "రాస్తున్నాం" అన్నాను. "అవునవును, గిన్నెలు కడిగేవాళ్ళు కూడా వంట చేశామనే అంటారు" అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాను. కడిగాను కూడా.

పని జరిగే పద్ధతి ఇది. కాలేజీ లైబ్రరీలో కూర్చుని పాత పుస్తకాలు చదివేది నేను. పనికొచ్చే భాగాలు టైపు చేస్తాను. ప్రతి భాగానికీ ఒక చీటీ గుచ్చుతాను. రాసినవాళ్ళ పేరు, పుస్తకం, ఏడాది, పేజీ, అది దొరికిన లైబ్రరీ అన్నీ అందులో ఉంటాయి. ఆయన నేను టైపు చేసిన భాగం మాత్రమే చదువుతారు. పుస్తకం తెరవరు. "అన్నీ చదవాలంటే నాకు రెండు జన్మలు కావాలి. నువ్వున్నావుగా" అంటారు. ఆడవాళ్ళ యాత్రల అధ్యాయమైతే మొత్తం నాకే వదిలేశారు. "అక్కడ పెద్దగా ఏముంటుంది? నువ్వే చూసేయ్." ఆ మాటే నా ధైర్యం. ఆ ఫోల్డర్ ఆయన ముట్టుకోరు. బియ్యంలో బియ్యపుగింజ దాస్తే ఎవరు మాత్రం ఏరగలరు? అందుకే నా మూడు పేజీలు అక్కడ దాచాను. మొన్న నేను కాలేజీలో క్లాసు చెబుతుండగా, గడువు తరుముకొస్తుంటే, ఆయన చేయి పెట్టారు.

మూడు నెలల క్రితం ఒక మంగళవారం అది. అప్పటికి నలభై ఏడుగురు ఆడవాళ్ళ ప్రయాణాలు టైపు చేశాను. ఒకావిడ పడవలో, ఒకావిడ గాడిద మీద, ఒకావిడ మగవేషంలో. ఒకావిడ ఇంటి నిండా పిల్లలుండి, అందరూ పెద్దవాళ్ళయ్యాక, మోకాళ్ళ నొప్పులతో కొండలెక్కింది. వేళ్ళు టైపు చేస్తుంటే నేను లెక్కేసుకున్నాను, నా ప్రయాణం ఇంటి నుంచి కాలేజీకి పదకొండు నిమిషాలు, కాలేజీ నుంచి ఇంటికి పదకొండు నిమిషాలు. ఆ పొద్దున ఫోను లైబ్రరీ బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. పది గంటలకి బస్సెక్కాను. రానూపోనూ ఆరు గంటలు. సముద్రం ముందు యాభై నిమిషాలు. ఐదింటికల్లా సొరుగు తాళం తీసి ఫోను చేతిలోకి తీసుకున్నాను.

అంతే. దొంగతనం చేయలేదు, ఎవరినీ కలవలేదు. సముద్రం చూసొచ్చాను. ఇది చదివేవాళ్ళు "దీనికింత భయమెందుకు?" అనుకోవచ్చు. చెబుతాను.

మా హాల్లో అత్తయ్య ఒళ్ళో ఒక ట్యాబ్ ఉంటుంది. అందులో ఊరి పటం ఉంటుంది. పటం మీద నీలం చుక్క ఉంటుంది. ఆ చుక్క నేనే, అంటే నా ఫోను. "అమ్మకి కాలక్షేపంగా ఉంటుంది, నీకు క్షేమంగా ఉంటుంది" అని ఆయనే పెట్టించారు. పక్కింటావిడ వస్తే అత్తయ్య సీరియల్ కథ చెప్పినట్టు చెబుతుంది. "ఇదుగో, ఇప్పుడు మందుల షాపు దగ్గరుంది. ఆఁ, మళ్ళీ కదిలింది." పక్కింటావిడ "మీ కోడలు మీ కళ్ళముందే ఉన్నట్టుందండీ" అని మెచ్చుకుంటుంది.

రాత్రి భోజనానికి ముందు ఆయన అడుగుతారు. ఎటు నుంచి వెళ్ళావు, ఎవరు కనిపించారు, ఏమన్నారు, నువ్వేమన్నావు. "భర్తకి ఆ మాత్రం ఆసక్తి ఉండకూడదా?" అంటారు. పూర్వం ఓడల్లో వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి, తమని పంపిన రాజుకి, డబ్బు పెట్టిన వర్తకులకి ఇలాగే చెప్పుకునేవాళ్ళు. ఇంగ్లీషులో ఈ సాహిత్యం చాలా మటుకు అక్కడే పుట్టింది. ఎక్కడ నీళ్ళున్నాయి, ఎక్కడ రేవుంది, అక్కడి మనుషులు ఎలాంటివాళ్ళు. పంపినవాడికి నచ్చేలా చెప్పలేకపోతే రెండో ఓడ ఉండదు. ఆ సంగతి టైపు చేసినరోజు నాకు తట్టింది. నేను కొన్నేళ్ళుగా రోజూ యాత్రాకథనం చెబుతున్నాను. రేపు మళ్ళీ గడప దాటనివ్వాలంటే ఇవాళ్టి కథ నచ్చాలి.

రెండేళ్ళ క్రితం ఒకరోజు నచ్చలేదు. స్కూటర్ టైరు పంక్చరై నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాను. ఆయన అరవలేదు. అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేది, పక్కవాళ్ళకైనా వినపడేది. మంచినీళ్ళిచ్చారు. కూర్చోబెట్టారు. "మొదటి నుంచి చెప్పు" అన్నారు. చెప్పాను. "మళ్ళీ చెప్పు" అన్నారు. మూడోసారి చెప్పేటప్పటికి పంక్చర్ షాపు దగ్గర ముగ్గురు కాస్తా నలుగురయ్యారు. "చూశావా? నీకే సరిగా గుర్తులేదు" అన్నారు ఎంతో జాలిగా. మర్నాడు ప్రిన్సిపాల్‌కి ఉత్తరం వెళ్ళింది. నరాల బలహీనత, మతిమరుపు, దీర్ఘకాలం విశ్రాంతి అవసరం. కింద నా సంతకం. నాకంటే చక్కగా పెట్టారు. ఐదు నెలలు ఇంట్లో ఉన్నాను. తాళం బయట వైపు పడేది. "నీ మంచికే" అనేవారు తాళం తిప్పుతూ. నాకు రావలసిన పర్మనెంట్ ఉద్యోగం ఆ ఐదు నెలల్లో ఇంకొకరికి వెళ్ళింది. ఇప్పుడు నాకున్నది వారానికి రెండు క్లాసులు, లైబ్రరీలో ఒక బల్ల. అలాంటి ఉత్తరం ఇంకొకటి పడితే ఆ రెండూ పోతాయి. ఈసారి ఐదు నెలలతో ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

ఆ గురువారం సాయంత్రమే భోజనాల దగ్గర ఆయన మంచి హుషారుగా ఉన్నారు. కాగితాలు బల్ల మీద పెట్టుకుని వాళ్ళమ్మకి తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు.

"విను అమ్మా. 'అక్కా, ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు. ఎందుకొచ్చావని గానీ, ఎప్పుడు వెళ్తావని గానీ. ఒక ముసలాయన పక్కకి జరిగి చోటిచ్చాడు, అంతే. ప్రపంచంలో ఇంత చోటుందని నాకెవరూ చెప్పలేదేం?' ఎలా ఉంది?"

"ఎవరా మహాతల్లి?" అంది అత్తయ్య అన్నం కలుపుకుంటూ.

"ఎప్పటిదో. నూట యాభై ఏళ్ళ నాటిదైనా అయ్యుంటుంది. ఆ శైలి చూస్తే తెలిసిపోతుందిగా."

శైలి మరి! నాలుగేళ్ళుగా వాళ్ళ మాటలే తిని, వాళ్ళ మాటలే తాగాను. నా సొంత మాట నోటికి వస్తే అది కూడా పాత పుస్తకం వాసనే వేసింది.

"ఇంకా విను. 'దారిలో చెప్పు తెగింది. బట్ట అంచులోంచి దారం లాగి కట్టుకున్నాను. దారానికి తెలుసు నేను ఎంత దూరం వచ్చానో.' ఆహా!"

అత్తయ్య చేయి పళ్ళెంలో ఆగింది. తల తిప్పి, గుమ్మం పక్కన చెప్పుల స్టాండు వైపు ఒకసారి చూసింది. తర్వాత నన్ను చూసింది. నా చేతిలో నీళ్ళ గ్లాసు. గ్లాసుని కిందపెట్టాను, చప్పుడైంది.

"దారం కడితే ఎంత దూరం నడుస్తుందిరా?" అంది ఆమె, నన్నే చూస్తూ.

"ఇల్లు చేరేదాకా నడిచిందట."

"అబ్బో. గట్టి దారమే." మళ్ళీ కలుపుకోవడం మొదలుపెట్టింది.

ఆ పూట నేను ఏం తిన్నానో గుర్తులేదు.

శుక్రవారం క్లాసు. పాఠం కూడా యాత్రా సాహిత్యమే. మొదట పుణ్యం కోసం వెళ్ళినవాళ్ళు రాశారు, తర్వాత సరుకు కోసం, తర్వాత రాజ్యం కోసం. గడప దాటకుండానే కుక్కతల మనుషుల్ని చూశామని రాసినవాళ్ళనీ జనం నమ్మారు, కళ్ళారా చూసొచ్చి ఉన్నదున్నట్టు రాసినవాళ్ళని అబద్ధాలకోరులన్నారు. తర్వాత కలవారి కొడుకులు చదువు పూర్తిచేసుకోవడానికి దేశాలు తిరిగారు, తిరిగొచ్చి విగ్రహాల గురించి రాశారు. కొందరు వెళ్ళిన దేశాలని కొలిచారు, పేర్లు పెట్టారు, ఆ పేర్లే పటాల్లోకెక్కాయి, పటాల వెనక సైన్యాలొచ్చాయి. ఆడవాళ్ళు పుస్తకం రాస్తే గర్వమనేవాళ్ళు కాబట్టి, చాలామంది అక్కకో చెల్లెలికో ఉత్తరం రాస్తున్నట్టు రాశారు. నాకు అక్క లేదు. అయినా ఆ మూడు పేజీలు "అక్కా" అనే మొదలుపెట్టాను. ఎవరో ఒకరికి చెప్పాలి కదా. ఇవన్నీ గడగడా చెప్పేస్తున్నాను.

రెండో వరసలో ఒకమ్మాయి ఉంటుంది. ఎప్పుడూ చెంపకి చేయి ఆన్చుకుని, వింటోందో నిద్రపోతోందో తెలియకుండా ఉంటుంది. చేయెత్తింది.

"మేడం, వీళ్ళందరూ వెళ్ళి అక్కడివాళ్ళు ఇలాంటోళ్ళు, అలాంటోళ్ళు అని రాసేశారు కదా. మరి అక్కడోళ్ళు వీళ్ళ గురించి ఏం రాసుకున్నారు?"

"చాలా మటుకు రాసుకోలేదు. రాసుకున్నవి చాలా ఆలస్యంగా బయటికొచ్చాయి."

"అయితే అప్పటిదాకా వీళ్ళు చెప్పిందే నిజమా?"

"అప్పటిదాకా అదే నిజం."

"అన్యాయం మేడం!" అంది. వెనకాల ఎవరో "నువ్వెళ్ళి రాయవే" అన్నారు. క్లాసంతా నవ్వింది.

నేను బోర్డు వైపు తిరిగాను. సుద్దముక్క చేతిలో ఉంది గానీ ఏం రాయాలో తోచలేదు. మా ఆవిడకి దారులు గుర్తుండవండీ, అంటారాయన. మా ఆవిడ ఒట్టి భయస్తురాలు. మా ఆవిడకి జనంలో ఊపిరాడదు. పన్నెండేళ్ళుగా ఆయన నా గురించి చెబుతూనే ఉన్నారు, స్టాఫ్ రూములో, పెళ్ళిళ్ళలో, డాక్టరు దగ్గర. విన్నవాళ్ళెవరూ నాదాకా వచ్చి చూడలేదు. వెళ్ళొచ్చినవాడు చెబుతున్నాడు కదా, ఇంకేం కావాలి. నేను యాత్రికురాలిని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. కాదు. వాళ్ళు వెళ్ళి చూసి రాశారే, నేను ఆ దేశాన్ని. మూడు పేజీలు రాసుకున్న దేశాన్ని. వాటిని కూడా ఆయన దొరికిన వస్తువులా ఎత్తుకుపోయారు.

శనివారం ఆయన క్షవరానికి వెళ్ళారు. నేను వంటగదిలో గట్టు తుడుస్తున్నాను. అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది. మామూలుగా ఆవిడ వంటగది గుమ్మందాకా రాదు, హాల్లోంచే కేకేస్తుంది.

"అమ్మాయ్."

"ఏంటత్తయ్యా?"

"ఆ రోజు చుక్క కదల్లేదు."

చేతిలో గుడ్డ ఆగింది.

"ఏడు గంటలు. అలాగే అంటుకుపోయింది లైబ్రరీకి. మనిషన్నాక మంచినీళ్ళకైనా లేస్తుంది కదే. ట్యాబ్ పాడైందేమోనని రెండుసార్లు దులిపాను కూడాను. సాయంత్రం నువ్వు విప్పిన బట్టలు మిషన్లో వేస్తుంటే అడుగున ఇసుక. గుప్పెడు ఇసుక."

గుడ్డ పిండి పక్కన పెట్టాను. ఏం మాట్లాడినా మూడుసార్లు చెప్పాల్సి వస్తుంది.

"వాడికి చెప్పలేదు" అంది.

"ఎందుకు?"

నా నోటి నుంచి ఆ ప్రశ్న వస్తుందని నాకే తెలియదు.

"నీ మీద ప్రేమ కారిపోయి కాదులే. చెబితే నన్నడుగుతాడు, నువ్వేం చూస్తున్నావమ్మా అని. మొదటి నుంచి చెప్పమంటాడు. మళ్ళీ చెప్పమంటాడు." ఆమె గొంతు తగ్గింది. "వాళ్ళ నాన్న కూడా అంతే. మంచినీళ్ళిచ్చి మరీ అడిగేవాడు."

వీధిలో ఏదో బండి ఆగిన చప్పుడైంది. ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం. బండి వెళ్ళిపోయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కన్నకొడుకు వస్తున్నాడేమోనని గుమ్మం పట్టుకుని నిలబడింది. నాకు ఆ క్షణంలో నా ముందు ఇంకో ముప్ఫై ఏళ్ళు కనిపించాయి. ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని, ఇంకెవరి చుక్కనో చూస్తూ.

"ఏదో ఒక చీటీ రాసి పడెయ్. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? వాడికి కావాల్సింది చీటీ. నువ్వు కాదు." వెళ్ళిపోతూ వెనక్కి తిరిగింది. "చల్లగా ఉంటుందా, అక్కడ?"

"గాలి చల్లగానే ఉంటుంది. ఇసుక కాలుతుంది."

"ఊఁ" అంది. హాల్లోకి వెళ్ళి కూర్చుంది.

ఆదివారం ఆయన కాలేజీ పనులన్నీ పక్కన పెట్టారు. "నీవల్ల కాదు గానీ, నేనే వెతుకుతా" అన్నారు. ముందు ఫోల్డర్లు. తర్వాత నా పుస్తకాల అర. తర్వాత బీరువాలో నా బట్టల కింద. ఒక్కొక్కటీ తీసి మంచం మీద పేర్చారు, మడత చెదరకుండా. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. బస్సు టిక్కెట్టు చించి కాలువలో వేశానని తెలుసు. అయినా ఆయన ప్రతి సంచీ విదిలించినప్పుడల్లా అది రాలి పడుతుందనిపించింది. భయం చాలా విచిత్రమైనది, లేని వస్తువుని కూడా దాచుకోమంటుంది.

మధ్యాహ్నానికి ఆయన మంచం అంచున కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోమన్నారు.

"నాకు కోపం లేదు" అన్నారు. "కంగారుగా ఉంది. ఇంత ముఖ్యమైన కాగితం ఎక్కడిదో నీకు గుర్తులేదంటున్నావు. మళ్ళీ మొదలైందా?"

"ఏం మొదలవ్వలేదండీ."

"పోయినసారి కూడా ఇలాగే అన్నావు. డాక్టర్ని ఒకసారి కలుద్దాం. ఈ టర్ముకి క్లాసులు వద్దని నేను చెబుతాలే. నువ్వేం కంగారుపడకు."

చెప్పేద్దామా అనుకున్నాను. నేనే రాశానండీ, ఆ మంగళవారం. చెబితే ఏమవుతుంది? ఆయనకి ఆ మూడు పేజీల్లో వాక్యాలు కనపడవు. ఏడు గంటలు కనపడతాయి. అబద్ధపు పేరొకటి పుట్టించనా? ఎడిటరు వెతుకుతుంది, దొరకదు, పుస్తకం అచ్చయ్యాక ఎవరో ఒకరు పట్టుకుంటారు, అప్పుడు ఆ తప్పు ఎవరిదని తేలుతుంది? అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఆయనే దారి చూపించారు. తొడ మీద చరుచుకుని లేచారు.

"ఏముందోయ్, ఇదేం అచ్చయిన పుస్తకం కాకపోవచ్చుగా! పాత పుస్తకాల కొట్లో కొన్న కట్టలో వచ్చిన చేతిరాత అందాం. నా దగ్గరుండేది, పాడైపోయింది. ఎవరు కాదంటారు? ఊఁ, రాయి."

నేను కలం తీసుకున్నాను. ఆయన గదిలో అటూఇటూ నడుస్తూ చెప్పారు. చీటీ మీద రాశాను.

అజ్ఞాత మహిళ. గ్రంథకర్త సొంత సేకరణ.

"బాగుందా?" అన్నారు.

"బాగుందండీ."

"చూశావా, ఊరికే కంగారుపడ్డావు." నా తల మీద చేయి వేశారు. డాక్టరు మాట మళ్ళీ ఎత్తలేదు. క్లాసులు ఉంటాయి. లైబ్రరీ బల్ల ఉంటుంది. మూడు రోజుల కంగారు తీరిపోవాలి. తీరలేదు. బట్టలన్నీ తిరిగి బీరువాలో సర్దుతూ ఆ రెండు ముక్కలే లోపల లోపల చదువుకున్నాను. చీటీలో ఒక్క అబద్ధం కూడా లేదు. అందుకే భయమేసింది. ఇన్ని రోజులూ పట్టుబడతానని భయపడ్డాను. ఇది ఆ భయం కాదు. ఇక ఎప్పటికీ పట్టుబడనేమోనన్న భయం.

సోమవారం పదకొండింటికి ఇంటి ఫోను మోగింది. ఆయన కాలేజీలో ఉన్నారు. చిన్నాచితకా విషయాలకి మా ఆవిడని అడగండి అని పబ్లిషర్లకి ముందే చెప్పి ఉంచారు. అత్తయ్య హాల్లో టీవీ చూస్తోంది.

"నమస్తే అండీ, ఎడిటర్ని మాట్లాడుతున్నా. సార్ చీటీ పంపారు, చాలా థాంక్స్. ఒక్క చిన్న సందేహం అండీ. అజ్ఞాత మహిళ అన్నారు కదా. హక్కుల విషయంలో మా వాళ్ళకి ఒక కాలమ్ పూర్తి చేయాలి. ఆవిడ పోయి ఎన్నేళ్ళయి ఉంటుందో సుమారుగా చెప్పగలరా? వందేళ్ళు దాటిందని రాసేసుకోనా?"

జవాబు సిద్ధంగానే ఉంది. రాసేసుకోండి అంటే అయిపోతుంది. రెండు సెకన్ల పని. ఫోను తీగ వేలికి చుట్టుకున్నాను. వేలి చివర తెల్లబడింది.

"హలో? లైన్లో ఉన్నారా అండీ?"

"ఆవిడ పోలేదండీ" అన్నాను.

"అర్థం కాలేదు?"

"బతికే ఉంది. మీతో మాట్లాడుతోంది."

హాల్లో టీవీ శబ్దం ఒక్కసారిగా పెరిగింది. అత్తయ్య రిమోట్ పట్టుకుని తెర వైపే చూస్తోంది, ఇంట్లో ఎవరూ లేనట్టు. ఎవరడిగినా తనకేమీ వినపడలేదని ఇక ధైర్యంగా చెప్పగలదు.

"మేడం," అంది ఎడిటర్. గొంతు మారింది. "ఇది సార్‌కి తెలుసా?"

"తెలీదు. సాయంత్రానికి తెలుస్తుంది."

"మీరు... మీకేం ఇబ్బంది లేదు కదా?"

ఇన్నేళ్ళలో నన్ను ఎన్నో ప్రశ్నలడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. గబగబా చెప్పాను. ఆ పేజీలు నావి, మూడు నెలల క్రితం రాశాను, నా పేరు వేస్తే వేయండి, లేకపోతే తీసేయండి, అజ్ఞాత అని మాత్రం వద్దు. అసలు ప్రతి, తేదీతో సహా, లైబ్రరీ కంప్యూటర్లో ఉంది, గంటలో మీకు పంపిస్తాను. మాట తడబడలేదు. మూడుసార్లు చెప్పమన్నా ఇదే చెప్పగలను.

"మీ పేరు చెప్పండి, రాసుకుంటాను" అంది ఆమె. చెప్పాను. ఆమె ఒక్కొక్క అక్షరమూ పలికి రాసుకుంది. మా పెళ్ళయ్యాక నా పేరుని ఎవరైనా అంత నిదానంగా పలకడం అదే మొదలు.

ఫోను చెవికి ఆనించుకునే మనసులో సర్దుకుంటున్నాను. నా సర్టిఫికెట్లు ఆయన సొరుగులో, పై అరలో ఉన్నాయి. తాళం లేదు, నేను తీస్తానని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. రెండు జతల బట్టలు. మధ్యాహ్నం రెండున్నరకి ఒక బస్సుంది. ఆయన ఐదింటికి వస్తారు. భయం అలాగే ఉంది. అది తగ్గాక బయల్దేరదామనుకుంటే ఈ గదిలోనే ముసలిదాన్నవుతాను. దాన్ని కూడా సంచీలో పెట్టుకుని వెళ్ళాలి.

"మీకు ఒక ఒప్పంద పత్రం పంపాలండీ, సంతకానికి. ఇదే అడ్రసుకి పంపించమంటారా?"

"వద్దు" అన్నాను.

"మరి ఎక్కడికి పంపను?"

"చేరాక రాస్తానండీ."